మంత్రి గారూ, మా పిల్లలు పేరా చదవట్లేదు, వెతుకుతున్నారు

తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెప్తాను. పదహారేళ్ళుగా అదే పని. రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ మా సబ్జెక్టులో పాస్ పర్సెంటేజీ ఎంత అని అడుగుతారు, చెప్తాం, అక్కడితో అయిపోతుంది. పాసైన పిల్లలకి ఇంగ్లీషులో రాసింది చదివితే అర్థమవుతోందా అని మాత్రం ఈ పదహారేళ్ళలో పైనుంచి ఒక్కరూ అడగలేదు, అందుకే అడక్కుండానే చెప్పేద్దామని ఈ లేఖ రాస్తున్నాను.

ముందు మీకో చిన్న పరీక్ష పెడతాను, ఏమీ అనుకోకండి. ఈ వాక్యం చదవండి: "పొద్దున్నే టుంబి గిరసలోకి దిగి మూడు మొలకాయల్ని ప్లించింది." ఇప్పుడు చెప్పండి, టుంబి ఎన్ని మొలకాయల్ని ప్లించింది? మూడు. ఎక్కడికి దిగి ప్లించింది? గిరసలోకి. ఎప్పుడు? పొద్దున్నే. మూడింటికి మూడు మార్కులు మీకు. టుంబి అంటే పిట్టో, పిల్లో, జేసీబీనో మీకూ తెలీదు, నాకూ తెలీదు, ఎందుకంటే ఆ మాటలు నేనే కల్పించాను.

నిరుడు ఇలాంటిదే ఇంగ్లీషులో ఒక పేరా తయారుచేసి సెకండియర్ సీఈసీ క్లాసులో బోర్డు మీద రాశాను. ఐదు లైన్లు, కింద ఐదు ప్రశ్నలు. ఆ రోజు వచ్చింది 41 మంది. పది నిమిషాల్లో పేపర్లు నా టేబుల్ మీదున్నాయి. 38 మందికి ఐదుకి ఐదు. లేని మాటల్ని స్పెల్లింగు తప్పు లేకుండా దింపారు. వెనక బెంచీలో ఒక్క అమ్మాయి మాత్రం చెయ్యెత్తి "సార్, ఈ మాటలకి అర్థమే లేదు కదా" అంది. క్లాసంతా ఆ అమ్మాయిని చూసి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఆ 38 మందికీ అలా చేయడం నేర్పింది నేనే.

ఎలా నేర్పుతామో కూడా చెప్తాను. ముందు పేరా చదవొద్దు, ప్రశ్నలు చదవండి. ప్రశ్నలో ఉన్న పెద్ద మాట పేరాలో ఎక్కడుందో వెతకండి, దాని కింద పెన్సిల్‌తో గీత గీయండి, ఆ లైను మొత్తం దింపేయండి. 'హూ' అంటే పేరు, 'వెన్' అంటే సంవత్సరం, 'వై' అంటే 'బికాజ్' పక్కన చూడండి. ఇంతే. జనవరి వచ్చిందంటే బజార్లో దొరికే ప్రతి గైడులోనూ, ప్రతి యూట్యూబ్ ఛానల్లోనూ ఇదే మాట, "ఈ ట్రిక్ తెలిస్తే పేరా మార్కులు ఫ్రీ" అని. సిలబస్ ఫిబ్రవరిలోపు అవ్వాలి, 35 మార్కులు దాటించాలి, ఇంట్లో ఇంగ్లీషు పేపర్ కూడా కనపడని పిల్లాడిని గట్టెక్కించాలి, ఇవన్నీ మెడ మీదుంటే నేను మాత్రం ఏం చేస్తాను, ట్రిక్కే చెప్పాను. అది మార్కులు తెస్తుంది కూడా. వచ్చిన చిక్కల్లా కాలేజీ గేటు దాటాకే.

మా దగ్గర చదివిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను, పేరు వద్దులెండి. ఇంటర్లో 1000కి 812, ఇంగ్లీషులో 84. డిగ్రీ సీటు వచ్చింది, ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఫలానా తేదీలోపు రిపోర్ట్ చేయాలి, 'ఫెయిలింగ్ విచ్' (అంటే, అలా చేయకపోతే) సీటు కాన్సెల్ అవుతుంది అని దాని సారాంశం. ఆ అమ్మాయి ఆ మెసేజ్ మూడుసార్లు చదివింది, నాకు తర్వాత చూపించింది కూడా. తేదీ దాటాక ఏడుస్తూ కాలేజీకొచ్చింది. "ఎందుకమ్మా వెళ్ళలేదు, క్లియర్‌గా ఉంది కదా" అంటే, "అది ఫెయిలైనవాళ్ళకి కదా సార్, నేను పాసయ్యాను కదా" అంది.

నాకు రెండు నిమిషాలు మాట రాలేదండి. తప్పు ఎవరిది? మెసేజ్ రాసినవాళ్ళు తిన్నగా రాయొచ్చు, తెలుగులోనూ పంపొచ్చు, అది వేరే లేఖ రాయాల్సినంత కథ. కానీ ఆ అమ్మాయి నేను నేర్పింది నేర్పినట్టే చేసింది. పెద్ద మాట వెతికింది, 'ఫెయిల్' దొరికింది, దాని పక్కన 'కాన్సెల్' ఉంది, రెండూ కలిపింది. ఆ లైనుకి ముందున్న సగం వాక్యంతో దీనికి సంబంధం ఉందేమో చూడాలన్న అలవాటే మేం చేయలేదు. ఒక ఏడాది పోయింది ఆ పిల్లకి.

ఇది మా ఊరి గోలే అనుకోకండి. పిల్లల చదువు మీద ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ తెచ్చే అసర్ రిపోర్టు, 2024 జనవరిలో వచ్చింది చూడండి, 14 నుంచి 18 ఏళ్ళ పల్లె పిల్లల మీద 26 రాష్ట్రాల్లో 28 జిల్లాల్లో చేసిన సర్వే అది. ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్ళు 57.3 శాతం. అలా చదివినవాళ్ళలో కూడా అర్థం చెప్పగలిగింది 73.5 శాతమే, అంటే గడగడా చదివిన నలుగురిలో ఒకరికి తను చదివిందేంటో తెలీదు. అవీ చిన్న చిన్న వాక్యాలు, పేరాలు కావు. ఇంకో మాట కూడా అందులో ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు: పాతిక శాతం మందికి సొంత భాషలో రెండో తరగతి పాఠం కూడా తడబడకుండా చదవడం రాదు. తెలుగులో పేరా చదివి "ఇంతకీ ఈయన ఏమంటున్నాడు" అని ఆలోచించడం అలవాటు లేని పిల్లాడికి ఇంగ్లీషులో అది ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి.

పైగా ఇప్పుడు ఇది ఇంగ్లీషు పేపర్ ఒక్కదాని సంగతి కాదు. 2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు కదా, ఆ ఏడాది ఎనిమిదిలో ఉన్న పిల్లలు వరసగా పైకొచ్చి ఇంటర్ గడప తొక్కేశారు. వాళ్ళు ఎకనామిక్స్, సివిక్స్, బోటనీ అన్నీ ఇంగ్లీషులో చదవాలి. మీడియం మంచిదా చెడ్డదా అని నేను ఇక్కడ గొడవ పెట్టుకోదల్చుకోలేదు (స్టాఫ్‌రూమ్‌లో రోజూ సరిపోతుంది), కానీ పేరా చదివి అర్థం చేసుకోవడం రాకుండా మీడియం మారిస్తే పిల్లాడు సివిక్స్ కూడా టుంబి పాఠం లాగే చదువుతాడు.

పరీక్ష ఎలా ఉంటే చదువు అలా ఉంటుంది, ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి ఇంగ్లీషు పేపర్ 80 మార్కులైతే అందులో 22 మార్కులు పిల్లలు ముందెప్పుడూ చూడని పేరాలకే, ఒకటి 12కి, ఒకటి 10కి. మన పేపర్లో అంత వాటా లేదు. మనం అడిగే ప్రశ్నలకి ఒక్కో మార్కు, జవాబు ఆ పేరాలోనే ఎక్కడో ఒక లైన్లో పడుకుని ఉంటుంది, లేపడమే. లా కాలేజీ సీట్ల కోసం క్లాట్ ఎంట్రన్స్ రాసే పిల్లలకి 2020 నుంచి పేపర్ మొత్తం పేరాల మీదే నడుస్తోంది, ఇంగ్లీషులో ఒక్కో పేరా 450 మాటల దాకా ఉంటుంది, అక్కడికెళ్ళిన మన పిల్లలు రెండో పేరాకే చేతులెత్తేస్తున్నారు. ఈఏపీసెట్ సంగతి సరేసరి, 160 ప్రశ్నల్లో ఇంగ్లీషు అనే ఊసే లేదు, అందుకే ఎంపీసీ, బైపీసీ పిల్లల ఇంగ్లీషు పీరియడ్ అంటే కొన్ని కాలేజీల్లో మ్యాథ్స్ వీక్లీ టెస్ట్‌కి ఖాళీగా దొరికిన గంట. హాస్టళ్ళలో ఉండే పిల్లలు చెప్తారు, ఇంగ్లీషు సార్ మొహం జనవరిలో చూశాం అని.

2023-24 నుంచి ఫస్టియర్ ఇంగ్లీషులో 20 మార్కులకి ప్రాక్టికల్స్ పెట్టారు, పిల్లలు నోరు తెరవాలని. మంచిదే, నాకు నచ్చింది. మాట్లాడ్డానికి 20 మార్కులు ఇచ్చిన చేత్తో చదివి అర్థం చేసుకోవడానికి కూడా ఇస్తే బాగుంటుంది. ఇచ్చేముందు ప్రశ్నల తీరు మార్చండి. పేరాలో రైతు బోరు మానేసి చెరువు తవ్వించాడని ఉంటే "రైతు ఏం తవ్వించాడు" అని అడక్కండి, "పక్క పొలం వాడికి దీనివల్ల లాభమా నష్టమా, ఏ మాటను బట్టి అలా అనుకుంటున్నావు" అని అడగండి. ఆ జవాబు దింపడానికి లైను దొరకదు. రెండో రోజుకే గైడు వాళ్ళు దానికీ ఒక ట్రిక్ కనిపెడతారు, తెలుసు, అయినా ఆ ట్రిక్ నేర్చుకోవాలన్నా పేరా ఒకసారైనా పూర్తిగా చదవాలి కదా. పేరాలు ఎంచేవాళ్ళని మాత్రం కాస్త చూసి పెట్టండి, 2021 డిసెంబర్లో సీబీఎస్‌ఈ పదో తరగతి పేపర్లో ఆడవాళ్ళ గురించి ఏదో పాతకాలపు పేరా ఇచ్చి, పార్లమెంటులో గొడవై, చివరికి దాన్ని తీసేసి అందరికీ ఫుల్ మార్కులు ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడు చెప్పేదానికి నా తోటి లెక్చరర్లే నామీద విరుచుకుపడతారు. పేరా ఇంగ్లీషులో ఇచ్చి, రెండు మూడు ప్రశ్నలకైనా జవాబు తెలుగులోనో ఉర్దూలోనో రాయనివ్వండి. మనం పరీక్షిస్తున్నది అర్థమైందా లేదా అని. ఇంగ్లీషులోనే రాయమంటే పిల్లాడు లైను దింపేస్తాడు, వాడికి అర్థమైందో లేదో నాకు తెలిసే దారే ఉండదు. "నీ మాటల్లో తెలుగులో చెప్పు" అన్నామా, ఇక తప్పించుకోలేడు. నేను క్లాసులో చేసి చూశాను. మొదటి వారం పేపర్లన్నీ దాదాపు ఖాళీ. దసరా తర్వాత వాళ్ళే అడగడం మొదలుపెట్టారు, "సార్, ఈ 'ఇట్' అనేది ఎవరిని?" అని. పదహారేళ్ళలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి బ్యాచ్ అది. 'ఇట్' ఎవరిని అన్న ప్రశ్న పుట్టిందంటే వాడు వెతకడం ఆపి చదువుతున్నట్టే. 'ఫెయిలింగ్ విచ్'లో ఆ 'విచ్' ఎవరిని అని మా అమ్మాయి ఒక్కసారి అడిగి ఉంటే ఆ ఏడాది మిగిలేది.

ఇంకో సంగతి, మనం ఇచ్చే పాఠాలే పిల్లలకి అందనంత ఎత్తులో ఉంటాయి. న్యూజీలాండ్‌లో పాల్ నేషన్ అనే ఆయన మాటల లెక్క మీద జీవితమంతా పనిచేశారు. ఆయనా, హు అనే ఇంకో పరిశోధకురాలూ కలిసి 2000లో తేల్చిందేమంటే, కథ ఎవరి సాయమూ లేకుండా అర్థం కావాలంటే వందకి 98 మాటలు ముందే తెలిసి ఉండాలట. అంటే యాభై మాటలకి ఒక కొత్త మాట. మా పిల్లల్ని టెక్స్ట్‌బుక్‌లో ఒక పేజీ తెరిచి తెలియని మాట కింద గీత గీయమంటే పేజీ అంతా గీతలే, ఒక లైన్లో మూడు. అలాంటి పేజీని ఎవరైనా చదువుతారా, వెతుకుతారు. వాళ్ళకి కావాల్సింది తేలిక పుస్తకాలు, చిన్నవి, ముప్ఫై నలభై పేజీలవి, వారానికి ఒకటి చొప్పున చదివేవి. ఇవి రాయించడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మన హైదరాబాద్ తార్నాకలోనే ఇఫ్లూ ఉంది, ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ, 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అని మొదలైందే దేశంలో ఇంగ్లీషు చెప్పే టీచర్ల కోసం. సెక్రటేరియట్ నుంచి అరగంట దూరం, ట్రాఫిక్ ఉంటే గంట. ఒక కబురు పెట్టి, మా ఇంటర్ పిల్లలకి మన ఊళ్ళ మీద, మన పనుల మీద ఒక యాభై చిన్న పుస్తకాలు తేలిక ఇంగ్లీషులో రాయించండి. వాటిలో కథలే అక్కర్లేదు, మందు డబ్బాలో వచ్చే కాగితం, బ్యాంకు మెసేజ్, లోన్ యాప్ షరతులు, అడ్మిషన్ నోటిఫికేషన్ కూడా పెట్టండి. పిల్లలు రేపు చదవాల్సినవి అవే.

అన్నిటికీ బడ్జెట్ కావాలంటారు, తెలుసు. పైసా ఖర్చు లేనిది ఒకటి అడిగి ముగిస్తాను.

మా కాలేజీలో ఒక ఇనప బీరువా నిండా ఇంగ్లీషు కథల పుస్తకాలున్నాయి. ఎప్పుడో ఏదో గ్రాంటులో వచ్చాయి, కొన్నిటికి ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. తాళం వేసి ఉంటుంది. పుస్తకం పోయినా చిరిగినా స్టాక్ రిజిస్టర్‌లో సంతకం పెట్టినవాళ్ళే డబ్బు కట్టాలి, రిటైరయ్యేటప్పుడు నో డ్యూస్ ఇవ్వరు అని ఆ సంతకం పెట్టినాయన భయం. ఆయన్ని తప్పుపట్టలేను, నేనైనా అదే చేస్తాను. మీరు ఒక సర్క్యులర్ ఇవ్వండి చాలు, పిల్లలు చదువుతుండగా చిరిగిన, పోయిన పుస్తకాన్ని ప్రిన్సిపాల్ సంతకంతో రిజిస్టర్‌లోంచి కొట్టేయొచ్చు, ఎవరి జీతంలోంచీ కోత ఉండదు అని. అర పేజీ కాగితం. జూన్‌లో కాలేజీలు తెరిచేలోపు వస్తే, మొదటి సోమవారమే ఆ తాళం తీస్తాను.

ఇట్లు,
ఒక ఇంగ్లీషు లెక్చరర్