ఎస్‌ఐని సస్పెండ్ చేశాక పై అధికారిని ఏమడుగుతున్నాం? హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి శ్రీమతి వంగలపూడి అనిత గారికి,

నమస్కారం. నేను ఒక చిన్న పట్టణంలో మేజిస్ట్రేట్ కోర్టులో ప్రాక్టీస్ చేసే న్యాయవాదిని. రిమాండ్ రిపోర్టులు చదవడం, క్లయింట్ల కోసం స్టేషన్లకు వెళ్లడం, కోర్టు కానిస్టేబుళ్లతో మాట్లాడటం నా రోజువారీ పని. పోలీసుల మీద కోపంతో ఈ ఉత్తరం రాయడం లేదు. స్టేషన్‌లో తప్పు జరిగిన ప్రతిసారీ మనం అడగకుండా వదిలేస్తున్న ప్రశ్న ఒకటుంది. అది మీ ముందు పెట్టాలని రాస్తున్నాను.

ఫిర్యాదు తీసుకోలేదనో, ఎవరినో కొట్టారనో గొడవ అవుతుంది. టీవీల్లో వస్తుంది. సాయంత్రానికల్లా ఒక ఎస్‌ఐని, ఒకరిద్దరు కానిస్టేబుళ్లను సస్పెండ్ చేస్తారు, లేదా పోస్టింగ్ లేకుండా వీఆర్‌కు (వేకెన్సీ రిజర్వుకు) పంపుతారు. 2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలి హత్య జరిగినప్పుడు, ఆ రాత్రి ఇది మా పరిధి కాదంటూ స్టేషన్ల మధ్య తిప్పారని కుటుంబం చెప్పింది. ఒక ఎస్‌ఐ, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లు సస్పెండ్ అయ్యారు. కేసు కట్టదగ్గ నేరమైతే ఎఫ్‌ఐఆర్ రాసి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది 2013లో. అప్పటికి ఆరేళ్లు. ఆరేళ్లలో ఆ మాట స్టేషన్ రైటర్ దాకా, రాత్రి సెంట్రీ దాకా ఎందుకు దిగలేదు? దింపాల్సిన బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు సస్పెన్షన్ ఆర్డర్‌లో ఉండదు.

మన దగ్గరకే వద్దాం. తెనాలిలో నడిరోడ్డు మీద ముగ్గురు యువకులను కూర్చోబెట్టి అరికాళ్ల మీద లాఠీతో కొట్టిన వీడియో 2025 మేలో బయటికి వచ్చింది. కొట్టిన వాళ్లలో సీఐలే ఉన్నారని వార్తలొచ్చాయి. ఆ యువకుల మీద కేసులున్నాయని, కానిస్టేబుల్ మీద దాడి చేశారని పోలీసులు చెప్పారు. ఉండొచ్చు. దాడి చేస్తే కేసు పెట్టి శిక్ష వేయించాల్సిందే. నన్ను కలవరపెట్టింది మరొకటి. ఆ ఘటన జరిగింది ఏప్రిల్‌లో. డీఎస్పీ ఆఫీసు ఉన్న ఊరు తెనాలి. పట్టపగలు అంతమంది చూసిన విషయం నెల రోజుల పాటు పై అధికారులకు తెలియదంటే పర్యవేక్షణ లేనట్టు. తెలిసి ఊరుకున్నారంటే అంతకంటే ఘోరం. ఈ రెండింటిలో ఏది నిజమో రాష్ట్రానికి ఇప్పటికైనా తెలియాలి కదా?

పర్యవేక్షణ పేరుతో ఇప్పుడు జరుగుతున్నది ఎక్కువగా లెక్కలు అడగడమే. వైర్‌లెస్ సెట్‌లో పెట్టే సెట్ కాన్ఫరెన్స్‌లో లెక్కలు, నెలవారీ క్రైమ్ మీటింగ్‌లో లెక్కలు. పెండింగ్ కేసులెన్ని, ఎన్‌బీడబ్ల్యూలు (నాన్ బెయిలబుల్ వారెంట్లు) ఎన్ని అమలు చేశారు, డ్రంకెన్ డ్రైవ్ ఎన్ని, చలాన్లు ఎన్ని. లెక్క తగ్గిన ఎస్‌ఐకి అందరి ముందూ తిట్లు, చార్జి మెమో. దీని ఫలితం మాకు కోర్టులో కనిపిస్తుంది. లోక్ అదాలత్ దగ్గర పడుతోందంటే పార్టీలకు ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి, రాజీ పడండని. దెబ్బలు తిన్న మనిషి ఇంకా కట్టు విప్పకముందే రాజీ సంతకం పెట్టి వెళ్లడం నేను చూశాను. ఆ నెల పెండింగ్ ఒకటి తగ్గుతుంది. పై అధికారి చూసేది ఆ అంకెనే, ఆ కట్టును కాదు.

అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు ఎందుకు అవసరమైందో చెక్‌లిస్టులో రాయాలి. మా కోర్టుకు వచ్చే చెక్‌లిస్టుల్లో చాలావరకు అవే టిక్కులు, అవే వాక్యాలు. పేరు, క్రైమ్ నంబర్ మాత్రం మారతాయి. ఒకసారి డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన విషయంలో ‘పరారయ్యే అవకాశం ఉంది’ అని రాశారు. ఆయన కర్ర లేకుండా నడవలేడు. సర్కిల్‌లో, అంటే కొన్ని స్టేషన్లను చూసే సీఐ ఆఫీసులో, ఒక్క మనిషి ఆ ఫైలు తెరిచి చదివి ఉంటే ఆ పేజీ కోర్టు దాకా వచ్చేది కాదు.

కొత్త చట్టం డీఎస్పీల మీద ఈ బాధ్యత ఇంకా పెంచింది. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం మూడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అరవై ఏళ్లు దాటిన వారిని, అనారోగ్యంతో ఉన్నవారిని డీఎస్పీ ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు 14 రోజుల ప్రాథమిక విచారణ జరపాలన్నా డీఎస్పీ అనుమతే కావాలి. మంచి ఆలోచనే. కానీ ఆ డీఎస్పీకి కుర్చీలో కూర్చునే టైమ్ ఏది? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసుల్లో ఆయనే దర్యాప్తు అధికారి, 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. మధ్యలో వీఐపీ పర్యటనలు, జాతరలు, సభల బందోబస్తు. ఇన్ని పనుల మధ్య అనుమతి ఫోన్లో ‘సరే, కానీ’ అనే రెండు ముక్కలైపోతే ఆ సెక్షన్ ఉండీ లేనట్టే.

మీరు రాజకీయాల్లోకి రాకముందు టీచరుగా పనిచేశారు. పాఠ్య ప్రణాళిక చదవకుండానే హెడ్మాస్టర్ సంతకం పెడుతున్నాడని తెలిస్తే స్టాఫ్ రూమ్‌లో ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మంచి అధికారులు లేరని కాదు. మా దగ్గర కొన్నాళ్లు పనిచేసిన ఒక సీఐ సాయంత్రాలు తన సర్కిల్‌లో ఏదో ఒక స్టేషన్‌కు చెప్పకుండా వెళ్లేవారు. స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే జనరల్ డైరీ ముందేసుకుని ఎస్‌ఐని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ సెక్షన్ ఎందుకు వేశావమ్మా, ఈ సాక్షిని ఎప్పుడు విచారించావు అని అడిగేవారు. తిట్టేవారు కాదు. తిరిగి వెళ్లేటప్పుడు సెంట్రీని అన్నం తిన్నావా అని పలకరించేవారు. ఆయన ఉన్నన్నాళ్లు ఆ స్టేషన్ల నుంచి వచ్చిన కాగితాలు వేరేగా ఉండేవి. కొత్తగా వచ్చిన కుర్ర ఎస్‌ఐలకు భయం కన్నా ధైర్యం ఎక్కువ ఉండేది, తెలియనిది అడగడానికి ఒక మనిషి ఉన్నాడని. ఏడాది తిరక్కుండానే ఆయన్ని బదిలీ చేశారు.

స్టేషన్ హౌస్ ఆఫీసర్ నుంచి డీజీపీ వరకు కనీసం రెండేళ్లు ఒకచోట ఉంచాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది 2006 సెప్టెంబర్ 22న. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఆ మాటను మనసు పెట్టి పాటించిందని నేను అనలేను. ఎమ్మెల్యే లెటర్ మీద పోస్టింగ్ తెచ్చుకున్న ఎస్‌ఐ సీఐ మాట ఎందుకు వింటాడు? తన నాయకుడు ఎవరో అతనికి తెలుసు. ఈ ఒక్క ముడి విప్పకుండా ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా పర్యవేక్షణ కుదరదు. ఆ ముడి విప్పగలిగేది మీ ప్రభుత్వమే.

తిరుపతిలో 2025 జనవరి 8న తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు చనిపోయినప్పుడు డీఎస్పీని సస్పెండ్ చేశారు, ఎస్పీని బదిలీ చేశారు. అంటే పై మెట్టును అడగడం సాధ్యమేనన్నమాట. ప్రాణాలు పోయేదాకా ఆగకుండా అడగమంటున్నాను. ఇకపై ఎస్‌ఐని, కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేసిన ప్రతి కేసులోనూ సీఐ, డీఎస్పీ ఆ స్టేషన్‌కు చివరిసారి ఎప్పుడు వెళ్లారు, ఏ ఫైలు చదివారు, ఏం రాశారు అన్నది విచారణ నివేదికలో తప్పనిసరి చేయండి. వాళ్లు వెళ్లి హెచ్చరించినా వినలేదని తేలితే వాళ్లను కాపాడేది కూడా ఆ నోటే. స్టేషన్ సీసీ కెమెరాల ఫుటేజీ కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కెమెరా పనిచేసేలా చూడాల్సింది ఆ స్టేషన్ అధికారే. అందుకే డీఎస్పీ చెప్పకుండా వచ్చి ఏదో ఒక రాత్రి ఫుటేజీ అడిగి చూసే పద్ధతి పెట్టండి. వారంలో రెండు రోజులైనా డీఎస్పీలను, సీఐలను బందోబస్తు నుంచి తప్పించి ఫైళ్ల దగ్గర కూర్చోనివ్వండి.

మరొకటి వెంటనే చేయగలిగింది. సోమవారాలు ఎస్పీ ఆఫీసుల్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వచ్చే వాళ్లలో చాలామంది అప్పటికే తమ స్టేషన్ చుట్టూ తిరిగి విసిగిపోయినవాళ్లు. వాళ్ల అర్జీలను సర్కిల్ వారీగా లెక్కగట్టి, ఆ జాబితాను నెలకోసారి ఎస్పీ తన డీఎస్పీల ముందు పెట్టి మాట్లాడేలా ఆదేశం ఇవ్వండి. దీనికి కొత్త చట్టం, కొత్త బడ్జెట్ అవసరం లేదు, మీ సంతకం చాలు.

ఇట్లు,
మీ రాష్ట్రంలోని ఒక న్యాయవాది