ముందు బురద లెక్క తేల్చండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

హైదరాబాద్ మురుగుశుద్ధి గురించి ఎప్పుడు మాట వచ్చినా అది ఎంఎల్‌డీల్లోనే (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు) సాగుతుంది. పాత ఎస్టీపీలు (మురుగుశుద్ధి ప్లాంట్లు) 25, వాటి సామర్థ్యం 772 ఎంఎల్‌డీ. తర్వాత తలపెట్టిన 31 ఎస్టీపీలతో మరో 1,259.5 ఎంఎల్‌డీ. మూసీ బాగుపడాలంటే ఇవన్నీ కావలసినవే, కాదనడం లేదు. అయితే నీటిలోంచి తీసిన మలినం మాయమైపోదు, బురదగా మారి ప్లాంటులోనే కూర్చుంటుంది. నీటికి 2036 నాటి జనాభాను చూసి లెక్కలు కట్టినట్టే, ఈ బురదకూ ముప్పై ఏళ్ల లెక్క కట్టండని అడగడానికే ఈ లేఖ.

ముందు పరిమాణం సంగతి. ఒక ఎంఎల్‌డీ ఇళ్ల మురుగు శుద్ధి చేస్తే, తేమ పూర్తిగా తీసేసిన లెక్కన సుమారు 200 కిలోల బురద వస్తుంది. అంబర్‌పేటలోని పాత 339 ఎంఎల్‌డీ ప్లాంటు లాంటి, గాలి పట్టకుండా శుద్ధి చేసే యూఏఎస్‌బీల్లో కొంత తగ్గుతుంది, ఒకే తొట్టిలో విడతలవారీగా గాలి పట్టి నీటిని తేర్చే ఎస్‌బీఆర్‌లలో మురుగు చిక్కదనాన్ని బట్టి మారుతుంది. అన్ని ప్లాంట్లూ నిండుగా నడిచిన రోజున సుమారు 400 ఎండు టన్నులని వేసుకుందాం. బురదను గిర్రున తిప్పి నీరు తీసే సెంట్రిఫ్యూజ్ యంత్రం నుంచి పడే కేక్‌లో (బురద ముద్దలో) ఘనపదార్థం 20 శాతమే కాబట్టి లారీ ఎక్కేది రోజుకు 2,000 టన్నులు. పది టన్నుల టిప్పర్లు రెండు వందలు, ఆదివారం లేదు, పండగ లేదు.

ఈ లెక్కలో అన్నిటికన్నా ఖరీదైనది ఆ 20 శాతమనే అంకె. అది 18కి పడితే కేక్ 2,220 టన్నులవుతుంది, 22కి పెరిగితే 1,820కి దిగుతుంది. నాలుగు శాతం తేడాకు రోజుకు నలభై టిప్పర్లు. మరి కేక్ ఎందుకు పల్చబడుతుంది? చాలాసార్లు తప్పు యంత్రానిది కాదు, బురద నీటిని వదిలేలా కలిపే పాలిమర్ రసాయనానిది. పొడి పాలిమర్ నీళ్లలో కలిపాక పూర్తిగా విచ్చుకోవడానికి 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. ఒకే ట్యాంకులో కలుపుతూనే తోడేస్తుంటే సగం పాలిమర్ చేప కళ్లలాంటి ఉండలుగానే పోతుంది. ఎండు టన్నుకు 4 నుంచి 6 కిలోలు పడాల్సిన చోట ఖర్చు చూసుకుని మూడే వేస్తారు. బురదను తొట్టిలో రోజుల తరబడి నిలవబెడితే కుళ్లి, నీటిని వదలదు. ఇసుక సరిగా తీయని ప్లాంటులో సెంట్రిఫ్యూజ్ స్క్రూ అంచులు అరిగిపోతాయి.

అప్పుడు జరిగేది ఇంకా చెడ్డది. కేక్‌గా పడాల్సిన సన్నటి బురద సెంట్రిఫ్యూజ్ నీటితో కలిసి మళ్లీ ఇన్‌లెట్‌కే చేరుతుంది. బురదలో 95 శాతం పట్టుకోవాల్సిన యంత్రం 80 దగ్గర నడుస్తుంటే, మిగిలింది ప్లాంటులోనే చక్కర్లు కొడుతూ పేరుకుంటుంది. ఎస్‌బీఆర్ బేసిన్‌లో బురద మట్టం, తేరిన నీటిని బయటికి తీసే డికాంటర్ దాకా లేస్తుంది. చివరికి శుద్ధి చేసిన నీటితోపాటు అదీ కాలువలోకి పోతుంది. ఇది ఎక్కువగా రాత్రి షిఫ్టుల్లోనూ వానల్లోనూ జరుగుతుంది, నమూనా తీసేదేమో పగలు.

అందుకే మా మొదటి విన్నపం ఖర్చు లేనిది. ప్రతి ఎస్టీపీకీ బురద ఖాతా తెరిపించండి. వచ్చిన బీఓడీ (మురుగులో కుళ్లే మలినం ఎంతుందో చెప్పే కొలత) నుంచి ఎంత ఎండు బురద తయారై ఉండాలో లెక్కగట్టవచ్చు, ఎస్‌బీఆర్‌లో కిలో బీఓడీకి సుమారు 0.6 నుంచి 0.8 కిలోలు. మరోవైపు కాటా చీటీలు, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన కేక్ నమూనాల ఫలితాలు ఉంటాయి. నెలాఖరున ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాలి. గేటు దాటింది లెక్కలో సగమే ఉంటే, ప్లాంటులో పేరుకున్నది పోను మిగతా బురద నీటితోపాటే వెళ్లిందని అర్థం. నిర్వాహకులకు చెల్లింపు కూడా గేటు దాటిన ఎండు టన్నుకు ముడిపెట్టాలి. తడి టన్నుకు డబ్బులిస్తే నీళ్లు మోసినందుకు బిల్లు కట్టినట్టే. ‘నిబంధనల ప్రకారం పారవేయాలి’ అనే ఒక్క వాక్యంతో సరిపెట్టే ఒప్పందంలో, ఎక్కడ పారవేయాలన్నది లారీ డ్రైవర్ తేలుస్తాడు.

ఇక ఎక్కడికి పంపాలి? పొలాలకే అన్నది అందరికీ తోచే జవాబు. నత్రజని, భాస్వరం, సేంద్రియ పదార్థం ఉన్న బురద మన ఎర్రనేలలకు మేలు చేసేదే. కానీ హైదరాబాద్ బురద ఉత్త ఇళ్ల బురద కాదు. పటాన్‌చెరు పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రం నీటిని 18 కిలోమీటర్ల పైపులైను వేసి నగర ట్రంక్ లైన్‌లో (ప్రధాన మురుగు పైపులో) కలిపి అంబర్‌పేటకు చేర్చే ఏర్పాటు చేసుకున్నాం. అదే కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని 2007లో ప్రచురితమైన అధ్యయనం చూపించింది. ఈ జాతి మందులు నీటిలో కన్నా బురదకే ఎక్కువగా అంటుకుంటాయి. లోహాల సంగతీ అంతే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నగర కంపోస్టుకు పెట్టిన హద్దులు కిలోకు నికెల్ 50, క్రోమియం 50, కాడ్మియం 5, జింక్ 1,000 మిల్లీగ్రాములు. ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్లు రాత్రిపూట మ్యాన్‌హోల్‌లో వదిలేది బురదలో చేరాక దాన్ని వేరుచేసే కంపోస్టింగ్ పద్ధతి లేదు. కంపోస్టు కుప్పలో బరువు తగ్గేకొద్దీ కిలోకు లోహం మోతాదు పెరుగుతుంది కూడా.

కాబట్టి పొలం దారి తెరవాలంటే పని మొదలవ్వాల్సింది ఎస్టీపీలో కాదు, పారిశ్రామిక వాడలున్న బాలానగర్, జీడిమెట్ల వైపు ట్రంక్ లైన్ల మ్యాన్‌హోళ్ల దగ్గర. గంట గంటకూ తీసి కలిపిన 24 గంటల నమూనాలు ఏడాదిపాటు చూస్తే ఏ లైన్ శుభ్రమైనదో, ఏది కాదో తేలుతుంది. శుభ్రమైన లైన్ల బురదను విడిగా ఉంచాలి. దాన్ని మురికి లైన్ల కేక్‌తో ఒకే యార్డులో కలిపితే మొత్తం పాడైనట్టే.

శుభ్రమైన దానికి కంపోస్టింగ్ సరే, కానీ కొలతతో చేయాలి. 20 శాతం కేక్‌లో గాలి ఆడదు. ఒక వంతు కేక్‌కు రెండు మూడు వంతుల కొమ్మల ముక్కలు కలిపి ఘనపదార్థాన్ని 40 శాతం దాకా తేవాలి. వరుస కుప్పలైతే 55 డిగ్రీల పైన 15 రోజులు, అందులో కనీసం ఐదుసార్లు తిరగేయాలి. కంపోస్టులో ఏలికపాముల గుడ్లు చావాలంటే ఈ వేడి కావాలి, మామూలు యార్డు మట్టిలో అవి ఏళ్ల తరబడి బతుకుతాయి. కొమ్మలు తగ్గించారా, కుప్ప వేడెక్కదు, కంపు మాత్రం కొడుతుంది, వారానికల్లా కాలనీవాళ్లు ధర్నాకు దిగుతారు. రోజుకు 2,000 టన్నులకు సరిపడా కొమ్మలు నగరంలో దొరకవు. ఆకుకూరలు, దుంపల జోలికి పోకుండా మొదట టేకు, కానుగ తోటలకు, నర్సరీలకు వాడటం మేలు. అహ్మదాబాద్‌లో ఎండు బురదను కోబాల్ట్-60 గామా కిరణాలతో శుద్ధి చేసే రోజుకు 100 టన్నుల కేంద్రం ఉంది. సూక్ష్మజీవుల వరకు అది గట్టి పద్ధతే, లోహాలను మాత్రం అదీ ఏమీ చేయలేదు.

శుభ్రం కాని బురదకు మాకు కనిపిస్తున్న దారి ఆరబెట్టి సిమెంటు కొలిమికి పంపడం. తాండూరు వైపూ, హుజూర్‌నగర్ వైపూ మనకు కొలిములున్నాయి. బాగా ఎండిన బురద కొంత బొగ్గుకు, దాని బూడిద కొంత ముడిసరుకుకు బదులవుతుంది. పాదరసం మాత్రం పొగగొట్టం గుండా పోతుంది గనుక ముందే పరీక్షించాలి. భాస్వరం మితిమీరితే క్లింకర్ (పొడి చేస్తే సిమెంటయ్యే కొలిమి గడ్డలు) చెడుతుంది కాబట్టి కొలిమివాళ్లు ఎంతంటే అంత తీసుకోరు.

ఆరబెట్టడమే అసలు చిక్కు. పాలీహౌస్‌లో ఎండకు ఆరబెడితే చదరపు మీటరుకు ఏడాదికి టన్ను నుంచి రెండు టన్నుల నీరు ఆవిరవుతుందని అంచనా. మొత్తం కేక్‌ను 70 శాతం పొడికి తేవాలంటే 65 నుంచి 130 ఎకరాలు కప్పాలి. అది ఒక్కచోట కుదరదు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన మూడు నాలుగు చోట్ల, ఇళ్లు రాకముందే, చుట్టూ ఖాళీ వదిలి ఇప్పుడే భూమి గుర్తించాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆరడం మందగిస్తుంది గనుక మూడు నెలల కేక్ నిలవకు పైకప్పున్న షెడ్లు, కింద కాంక్రీటు, ఊటనీటికి తొట్టి ఉండాలి. ఇవి లేకనే వానాకాలంలో కేక్ డంపింగ్ యార్డుల బాట పడుతుంది. జవహర్‌నగర్ చెత్త గుట్టమీద తడి బురద పోస్తే ఊటనీరు పెరుగుతుంది, గుట్ట వాలు జారుతుంది.

బురదను మూసిన తొట్లలో కుళ్లబెట్టి గ్యాస్ తీసే డైజెస్టర్ల మీద ఉత్సాహం చాలామందికి ఉంది. ఎస్‌బీఆర్‌లో ఎక్కువ రోజులు గాలి పట్టిన బురదలో కుళ్లే పదార్థం అప్పటికే కరిగిపోయి ఉంటుంది, గ్యాస్ అనుకున్నంత రాదు. ప్రతి ఎస్టీపీలో ఒక డైజెస్టర్ కట్టే ఆలోచన మానుకుని, ఒక పెద్ద హబ్‌లో మొదట బురద గ్యాస్ ఇచ్చే సామర్థ్యాన్ని ఆరు నెలలు పరీక్షించాకే టెండరు పిలవండి.

ఏ ఒక్క దారిమీదా మొత్తం భారం వేయవద్దు. కొలిమి మరమ్మతుకు నెల రోజులు ఆగుతుంది, రైతు నాట్ల వేళకే అడుగుతాడు. ఏ దారికీ సగానికి మించి కట్టబెట్టకుండా ఒప్పందాలు రాయించాలి. బురద ఖాతాకు భూమీ అక్కర్లేదు, టెండరూ అక్కర్లేదు. వచ్చే నెల నుంచే మొదలుపెట్టించి, ప్రతి ప్లాంటు అంకెలనూ జలమండలి వెబ్‌సైట్‌లో నెలనెలా పెట్టించమని కోరుతున్నాం.

ఇట్లు,
మురుగుశుద్ధి, బురద నిర్వహణ పనుల్లో ఉన్న ఇంజనీర్లం,
హైదరాబాద్