ద్రాక్షతోటల దారుల్లో దిగుడే గండం

సంపాదకులకు నమస్కారం.

మధ్యధరా సముద్ర తీరాన, కొండవాలు ద్రాక్షతోటల మధ్య పరుగెత్తే దారుల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది. ఫొటోలు ఇంకా బాగున్నాయి. దూరాలన్నీ ఇచ్చారు గానీ ఎత్తులు ఇవ్వలేదు. చదువుకో ఉద్యోగానికో అటు వెళ్లిన మన నెల్లూరు, ఒంగోలు పిల్లలు చదునైన మైపాడు రోడ్డులో చేసిన సాధనను నమ్ముకుని ఆ దారుల్లోకి దిగితే, సగంలోనే మోకాళ్లు పట్టుకుని గట్టు మీద కూర్చోవాల్సి వస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

కొండదారికి లెక్క వేరు. ఎక్కే ప్రతి 100 మీటర్లకూ ఒక కిలోమీటరు అదనంగా కలుపుకోవాలి. ఇటలీ తీరంలోని ఐదు ఊళ్ల ప్రాంతం చింక్వె టెర్రెనే చూడండి. సముద్రాన్ని ఆనుకుని ఉన్న మనరోలా నుంచి పైనున్న వొలాస్త్రా ఊరికి ఎక్కి, ద్రాక్షతోటల గట్ల మీదుగా కోర్నిలియాకు వెళ్లే దారి ఆరు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. వొలాస్త్రా దాదాపు 330 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే అది తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు పని. కోర్నిలియా చేరాక కూడా అయిపోలేదు. రైలు స్టేషను కింద సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కడికి దిగే లార్దరీనా మెట్లదారిలో 380 దాకా మెట్లున్నాయి. అలసిన కాళ్లతో ఆ మెట్లు పరుగున దిగడం తెలివైన పని కాదు, నడవండి.

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే తగ్గుతుంది. దిగేటప్పుడు తొడ ముందరి కండరం సాగుతూనే బరువును ఆపాలి. దానివల్ల కలిగే దెబ్బ ఆ పూట తెలియదు, మర్నాడూ ఎల్లుండీ మెట్లు దిగబోతే తెలుస్తుంది. చదును నేల మీద ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తినా ఈ కండరం దీనికి అలవాటు పడదు. దిగితేనే అలవాటవుతుంది. నెల్లూరు వాళ్లకు నరసింహకొండ ఉంది. వారానికొక్కరోజు ఎక్కి దిగండి. మొదటి వారం రెండుసార్లు చాలు, తర్వాత వారానికొకటి చొప్పున పెంచుతూ ఆరు వారాలు చేయండి. వెళ్లడానికి పది రోజుల ముందు మానేయండి. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా, వేగంగా పడాలి. చూపు మూడు నాలుగు మీటర్ల ముందుండాలి, పాదం మీద కాదు. భయంతో వెనక్కి వాలేవాళ్లే ఎక్కువగా జారిపడతారు, బరువంతా మడమ మీదికి వెళ్లి పట్టు తప్పుతుంది గనుక. బూటు అరసైజు పెద్దది తీసుకోండి. లేసు పైకన్నంలో మెలికవేసి చీలమండ దగ్గర బిగించకపోతే పాదం ముందుకు జారి బొటనవేలి గోరు నల్లబడుతుంది.

నేల కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. స్పెయిన్‌లో కటలోనియాలోని ప్రియొరాత్ కొండల్లో ద్రాక్షతీగలు నల్లటి పలకరాయిలో వేళ్లూనుకుంటాయి. మార్కాపురం పలకలు చూసినవాళ్లకు ఆ రాయి కొత్తేమీ కాదు. పొరలు పొరలుగా విడిపోయి, పెంకులు వాలు మీద పరుచుకుని ఉంటాయి. ఎండలో పాదం కింద పళ్లెంలా జారతాయి, వానలో సబ్బులా ఉంటాయి. ఫ్రాన్స్ దక్షిణాన చాలాచోట్ల సున్నపురాయి. జనం నడిచి నడిచి నున్నబడిన చోట అదీ జారుడే. బురదకు వాడే, అడుగున పొడవాటి గుబ్బలున్న బూటు ఈ గట్టిరాతి మీద ఊగుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల గుబ్బలు, మెత్తటి రబ్బరు అయితే పట్టు బాగుంటుంది.

ఇక ద్రాక్షతోటల గట్లను నిలబెట్టే రాతి గోడలు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి, కొండవాలును మెట్లుమెట్లుగా మలిచి కట్టినవి. గోడ కొంచెం కొండవైపు వాలి ఉంటుంది. వెనక చిన్నరాళ్లు నింపుతారు. వాన నీరు సందుల్లోంచి కారిపోతుంది కాబట్టే గోడ నిలబడుతుంది. అంచున పేర్చిన పెద్దరాళ్లే కింది వరుసలను బరువుతో అదిమిపెడతాయి. అడ్డదారి దొరికింది కదా అని ఆ అంచు మీంచి దూకితే పైరాయి కదులుతుంది. తర్వాతి వానకు గోడ కడుపులా ఉబ్బుతుంది, ఆపై వానకు కూలుతుంది. కూలిన గోడను మళ్లీ పేర్చాల్సింది రైతే. కోసిన పండును చాలాచోట్ల ఒంటిపట్టా బండి మీద దించుకునే వాళ్లకు ఇంకో గోడ కట్టే ఓపిక ఎక్కడిది? సిమెంటు లేని ఈ రాతికట్టు విద్యను యునెస్కో 2018లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. పరుగెత్తేవాళ్లు దారి వదలకుండా ఉంటే చాలు.

దారి గుర్తులు తెలియకపోతే చిక్కే. ఫ్రాన్స్, స్పెయిన్‌లలో దూరపు దారులకు తెల్లగీత, దాని కింద ఎర్రగీత ఉంటాయి. రెండూ ఇంటూ గుర్తులా ఉంటే అటు వెళ్లకూడదని. మెట్టు ఆకారంలో వంగితే మలుపు. పరుగులో ఉన్నవాళ్లు గుర్తు తప్పేది కూడళ్ల దగ్గరే, తల వంచుకుని దిగుతుంటారు గనుక. ఐదు నిమిషాలు గుర్తు కనిపించకపోతే ముందుకు వెళ్లకండి, చివరిగా చూసిన గుర్తు దగ్గరికి వెనక్కి రండి.

వెళ్లడానికి అనువైన కాలం ఏప్రిల్, మే, లేదంటే సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు. సెప్టెంబరులో కోతలు, ఇరుకు దారుల్లో ట్రాక్టర్లు తిరుగుతాయి. అక్టోబరు వానలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. 2011 అక్టోబరు 25న చింక్వె టెర్రెలోని వెర్నాట్సా, మాంటెరోస్సో ఊళ్లు బురదలో మునిగాయి. జులై, ఆగస్టుల్లో మంటల భయం. ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఊరి దగ్గరి సెంట్ విక్టువార్ కొండకు వెళ్లవచ్చో లేదో ముందురోజు సాయంత్రమే ప్రకటిస్తారు. ఉత్తరపు గాలి మిస్త్రాల్ లేచిందంటే మూసేయడం ఖాయం అనుకోండి.

నీళ్ల విషయంలో మనవాళ్లది ఒకటే పొరపాటు, లీటరు నీళ్లకు ఉద్దేశించిన ఓఆర్ఎస్ పొట్లాన్ని అరలీటరు సీసాలో కలిపేస్తారు. చిక్కనైపోయి కడుపు తిప్పుతుంది. గంటకు 400 నుంచి 600 మిల్లీలీటర్లు, గుక్కలు గుక్కలుగా చాలు. ద్రాక్ష ఆకుల మీద నీలం మరక కనిపిస్తే అది మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం. మన నిమ్మతోటల్లో గజ్జి తెగులుకు కొట్టేదే. ఆకులు ముట్టుకున్న చేత్తో ఏమీ తినకండి.

పోలిక ఇంతవరకే సాగుతుంది. రాపూరు, పొదలకూరు నిమ్మతోటల వెంబడి వెలిగొండల వైపు ఇలాంటి దారులు మనమూ వేసుకోవచ్చని మీ వ్యాసకర్త రాశారు. మంచి మాటే, కానీ ముందు కంచెల సంగతి చూడాలి. ఆ ద్రాక్షతోటల్లోనూ అడవిపందులకు కరెంటు తీగలు కడతారు. అయితే యంత్రం నుంచి సెకనుకోసారి క్షణకాలం వచ్చే తట్టు అది, ఉలిక్కిపడేలా చేస్తుంది, అంతే. మన దగ్గర కొందరు స్తంభం నుంచి నేరుగా లాగిన తీగ మనిషిని చంపుతుంది. అది చట్టవిరుద్ధం కూడా. తెల్లవారకముందు తోట గట్ల మీద పరుగెత్తవద్దు. పాముకాటుకు గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం చేయకండి. కాలు కదపకుండా 108కి ఫోన్ చేయండి. పెంచలకోన చుట్టూ ఉన్నది అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు.

మొదలుపెట్టడానికి ఉదయగిరి దుర్గం మేలు. దాని ఎత్తు 3,079 అడుగులు, అంటే సుమారు 938 మీటర్లు. సెంట్ విక్టువార్ శిలువ శిఖరం 946 మీటర్లు, దాదాపు సమానమే. 1514లో ఆ కోట పట్టడానికి రాయలవారు బండలు పగలగొట్టించి దారి వేయించారని చెబుతారు. ఇప్పుడు కావాల్సింది అంతకంటే చిన్న పని, రెండు డబ్బాల రంగు. చీలిక దగ్గర ఒక గుర్తు, సరైన దారిలో ఇరవై మీటర్లు పోయాక ఇంకొకటి. పర్యాటక శాఖవారు, పంచాయతీవారు దీన్ని చేపట్టాలని మనవి. ప్లాస్టిక్ రిబ్బన్లు మాత్రం కట్టకండి, వారం తిరక్కుండా మేకలు తినేస్తాయి.

ఇట్లు,
కొండదారుల్లో పరుగెత్తే పాఠకులు,
నెల్లూరు