క్రిస్టీన్ గ్రాంట్ గారి గురించి

సభ్యులందరికీ నమస్కారం. విశాఖ కళాశాలల జట్లలో ఆడుతున్న అమ్మాయిల తల్లిదండ్రులుగా మనం క్రిస్టీన్ గ్రాంట్ గారి గురించి తప్పక తెలుసుకోవాలి. స్కాట్లాండ్‌లో పుట్టి, హాకీ కోచ్‌గా పనిచేసిన ఆమె 1973 నుంచి 2000 వరకు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో మహిళా క్రీడా విభాగానికి డైరెక్టరుగా ఉన్నారు. ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో స్త్రీపురుష వివక్షను నిషేధిస్తూ 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం క్రీడలకూ పూర్తిగా వర్తించాలని ఆమె అమెరికన్ కాంగ్రెస్ ముందు సైతం వాదించారు. 1983లో వివియన్ స్ట్రింగర్‌ను అయోవా మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్‌గా నియమించిందీ ఆమే. 1985లో ఆ మహిళా జట్టు ఆడిన ఒక మ్యాచ్‌కు 22 వేలమందికి పైగా ప్రేక్షకులు వచ్చారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం చట్టం కోసం ఆమె చూపిన పట్టుదలే. మన అమ్మాయిలకూ అబ్బాయిలతో సమానంగా వసతులు అందుతున్నాయో లేదో చూసేందుకు, మీ అమ్మాయి కళాశాలలో మైదానం ఏ వేళల్లో దొరుకుతోందో, ప్రయాణ ఖర్చులు ఎవరు భరిస్తున్నారో ఆదివారంలోగా దయచేసి ఇక్కడ తెలియజేయండి.