పెడల్ కన్నా ముందు కరెంటు చూడండి

సంపాదకులకు నమస్కారం. కొత్తగా గిటార్ నేర్చుకునేవాళ్లు చవగ్గా వస్తున్నాయని పెడల్స్ (గిటార్ శబ్దాన్ని మార్చడానికి కాలితో నొక్కే చిన్న పెట్టెలు) మీద పెడల్స్ కొనేస్తుంటే బాధేస్తోంది. పెడల్స్ అమర్చుకునే చిన్న బోర్డు మీద ముందు శ్రుతి చూసే ట్యూనర్, తర్వాత శబ్దాన్ని గరగరలాడించే ఓవర్‌డ్రైవ్, చివర ప్రతిధ్వనినిచ్చే డిలే, ఈ మూడూ ఉంటే చాలా పాటలు గట్టెక్కుతాయి. మినీ పెడల్స్‌తో చోటు కలిసొస్తుంది గానీ చాలావాటిలో బ్యాటరీ పెట్టే వీలుండదు, అసలు చిక్కంతా అక్కడే. నేను మొదట్లో ఒకే అడాప్టర్‌ నుంచి గొలుసు వైరుతో అన్నిటికీ కరెంటిచ్చా, డిజిటల్ డిలే తగిలించాక ఓవర్‌డ్రైవ్ నొక్కగానే కీ...మని సన్నగా ఈల, పెడల్ పాడైందని ఎంత టెన్షన్ పడ్డానో! తప్పు దానిది కాదు, అన్నీ ఒకే కరెంటు పంచుకోవడంతో డిజిటల్ డిలే రొద ఓవర్‌డ్రైవ్‌లోకి వచ్చింది. పైగా అన్నిటికీ ఒకే కరెంటు చాలదు: అనలాగ్ ఓవర్‌డ్రైవ్‌కి 10 మిల్లీఆంపియర్లు సరిపోతే డిజిటల్ పెడల్‌కి 100 దాటొచ్చు. 9 వోల్టులేనా, ప్లగ్గు మధ్య పిన్ను నెగటివేనా చూసుకుని, దేనికది విడిగా కరెంటిచ్చే సప్లై కొనండి, నాలుగో పెడల్ సంగతి తర్వాత.

– ఒక పాఠకుడు