మెనూ రాయకముందు పొలం చూడు

చిన్నీ,

మీరు నలుగురు ఆడపిల్లలు కలిసి హైదరాబాద్‌లో హోటల్ పెడుతున్నారని, సరుకు మన జహీరాబాద్ వైపు మహిళా రైతుల దగ్గరే కొంటారని విన్నప్పటి నుంచి నాకు చాలా సంతోషంగా ఉంది. బడిపిల్లలకు తిండి గురించి పాఠాలు కూడా చెప్తారట, అది ఇంకా నచ్చింది. ఫోన్‌లో తీరిగ్గా చెప్పడం కుదరలేదు, అందుకే రాస్తున్నా.

నువ్వు పంపిన మెనూ చదివాను. ఏడాది పొడుగునా కొర్రల పులావు, సామల ఉప్మా, సజ్జ లడ్డు. బిడ్డా, ఇక్కడి పొలాలు అలా పండవు. వానాధారపు చేనులో జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, అనుము, నువ్వులు కలిపి వేస్తారు. వాన మోసం చేసి ఒకటి పోయినా ఇంకోటి ఇల్లు గడుపుతుంది. యాసంగిలో మంచు పదునుకే పండే శనగ, కుసుమ లాంటివాటిని ఇక్కడి మహిళా రైతుల సంఘాల ఆడవాళ్లు సత్యం పంటలు అంటారు. అంటే ఒక చేను నుంచి నీకు వచ్చేది పది రకాలు, ఒక్కోటీ కొంచెం కొంచెం. నాకు కొర్రలే కావాలి, క్వింటాళ్ల లెక్కన కావాలి అని నువ్వు పట్టుబడితే ఆ రైతమ్మ చేనంతా కొర్రలే వేస్తుంది. ఆ సేద్యాన్ని చూసే కదా నువ్వు ఇక్కడిదాకా వస్తున్నది! మారాల్సింది నీ మెనూ, ఆమె చేను కాదు.

కలుపు తీసేటప్పుడు వాళ్లు కొంగులో వేసుకొచ్చే కూరలు కూడా అడుగు. దొగ్గలికూర, తుమ్మికూర, పొన్నగంటి. బతుకమ్మలో పేర్చే గునుగు ఉంది చూడు, లేతగా ఉన్నప్పుడు దాని ఆకు పప్పులో వేస్తే ఎంత బాగుంటుందో. ఇవి ఎవరూ విత్తరు. గడ్డిమందు కొట్టిన చేలో మాత్రం కనిపించవు.

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1983లో మొదలైంది. దాని సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. బీడు పడ్డ భూములు బాగు చేసుకున్నారు, తీసుకున్న అప్పు జొన్నల రూపంలో తీర్చారు. ఆ జొన్నలు ఊళ్లో నిల్వ చేసి, ఎవరు ఎక్కువ బీదవాళ్లో ఊరివాళ్లే తేల్చి, వాళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది. పొలంలోని చిరుధాన్యాలు హోటల్ బల్ల మీదికి రావడం కూడా మీతో మొదలు కాదు, జహీరాబాద్‌లో వాళ్లు కెఫే ఎత్నిక్ అనే హోటల్ పెట్టి చూపించారు. కాబట్టి వాళ్లకు సాయం చేస్తున్నామన్న మాట మీ గోడల మీద రాయొద్దు.

నీకు ఇష్టమైన అమెరికా షెఫ్ ఆలిస్ వాటర్స్ చేసిందీ పొలాన్ని బట్టి వండడమే కదా. 1971లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో షె పనీస్ అనే హోటల్ తెరిచి, చేతికి వచ్చిన సరుకును బట్టి ఆ రోజు భోజనం తయారు చేసింది. తర్వాత మంచి పొలాలు వెతకడానికే మనిషిని పెట్టుకున్నారు. 1995లో అక్కడి ఒక బడి ఆవరణలో తారు పరిచిన స్థలాన్ని పిల్లల తోటగా మార్చే పని మొదలుపెట్టింది. అక్కడ పిల్లలే పండిస్తారు, వాళ్లే వండుకుని తింటారు.

మీ పాఠాలు కూడా ఐరన్, ఫైబర్ లెక్కలతో మొదలుపెట్టకండి. పిల్లల చేతికి కంకి ఇవ్వండి. నలిపి, చెరిగి, పొట్టు తీసి, గింజ ఎంత మిగిలిందో వాళ్లే చూడనివ్వండి. గుప్పెడు బియ్యం చేయడానికి ఎంత చాకిరీ ఉందో అప్పుడు అర్థమవుతుంది. ఆ పాఠానికి సంఘం ఆమెనే పిలవండి, ఆమెకు కూలి కాదు, టీచరుకిచ్చే ఫీజు ఇవ్వండి.

వంటింటి సంగతి నీకు తెలిసిందే అయినా చెప్తా. సజ్జపిండి వారం పది రోజులకే చేదెక్కుతుంది. జొన్నపిండి పాతబడితే రొట్టె అంచులు పగులుతాయి, ఎంత వేడినీళ్లు పోసి పిసికినా లాభం లేదు. గింజలు కొని, కావలసినంతే పిండి పట్టించుకోండి.

డబ్బుల విషయంలో మాత్రం నా మాట విను. సప్లయర్లకు నెలా రెండు నెలలు ఆగి ఇవ్వడం హోటళ్లకు అలవాటు. రెండెకరాల ఆమె అన్ని రోజులు ఆగలేదు, షావుకారు దగ్గరికి వెళ్తుంది. కాంటా పెట్టిన రోజే చేతిలో పెట్టండి. కుదిరితే విత్తనాలప్పుడే కొంత అడ్వాన్స్ ఇవ్వండి. పంట తగ్గిన ఏడు ఆమెను వదిలేసి ఇంకోచోట కొనుక్కోవద్దు. ఉన్నదాంతోనే వండండి, తినేవాళ్లకు ఎందుకో చెప్పండి.

ఆ సొసైటీ వాళ్ల పాత పంటల జాతర ఏటా సంక్రాంతికి మొదలవుతుంది. ఎడ్లబండ్లలో విత్తనాలు పెట్టి ఊరూరా తిప్పుతారు. నలుగురూ రండి, మన ఇంట్లోనే ఉండొచ్చు. ఎవరి చేలో ఏముందో, ఏ నెలలో చేతికొస్తుందో వాళ్లనే అడిగి రాసుకోండి. మెనూ ప్రింటుకు అప్పటిదాకా ఇవ్వొద్దు.

మీ నాయిన అడిగానని చెప్పమన్నాడు.

అమ్మ