గోడ అవతల కంబాలకొండ: మన కాలనీ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల కాగితం ఆడిట్ అయ్యాక నోటీసు బోర్డుకు అంటించాం, ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది సంఘం పని చాలావరకు వెనక గోడ దగ్గరే సాగింది, ఆ సంగతులే చెబుతాను.

కొత్తగా అద్దెకు దిగినవాళ్లు చాలామంది గోడ అవతలిది ఖాళీ జాగా అనుకుంటున్నారు. అది సుమారు 71 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం. ఒకప్పుడు విజయనగరం మహారాజుల చేతిలో ఉండేది. 1970 నుంచి అటవీశాఖది, 2002లో అభయారణ్యమైంది. చిరుత, కణుజు, కొండగొర్రె, అలుగు (పాంగోలిన్), కొండచిలువ అన్నీ ఉన్నాయి. విశాఖపట్నమంత నగరాన్ని ఆనుకుని ఇవి ఇంకా బతుకుతున్నాయంటే నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక కొండంతా ఎండిపోయినట్టు గోధుమరంగుకు తిరగడం పాత సభ్యులకు గుర్తుండే ఉంటుంది.

తొలకరికి అనుమతి తీసుకుని పిల్లలతో పక్షులు చూడ్డానికి వెళ్లాం. పొన్నంగి పిట్ట కూత విన్నాం గానీ పిట్ట కనపడలేదు. పొద్దున్నే, మళ్లీ పొద్దుగూకేటప్పుడు ఎక్కువగా కూస్తుంది. మనవాళ్లు టిఫిన్లు కానిచ్చి బయల్దేరేసరికి ఏడున్నర దాటింది, పిట్టను ఏమంటాం?

ఆగస్టులో ఒక రాత్రి మన డ్రైనేజీ పక్కకి అలుగు వచ్చింది. వాచ్‌మన్ కర్రతో కదిపితే బంతిలా చుట్టుకుపోయింది. చీమలు, చెదలు తినే జీవి, నోట్లో పళ్లే ఉండవు. దాని పొలుసుల కోసం వేటాడేవాళ్లున్నారు కాబట్టి ఫొటో గ్రూపులో పెట్టొద్దని బతిమాలాం. అటవీ సిబ్బంది వచ్చి తీసుకెళ్లారు.

నవంబరులో చిరుత టెన్షన్. వాట్సాప్‌లో తిరిగిన ఫొటో ఎక్కడిదో పాతది. గోడ దగ్గరి బురదలో అడుగులకు గోళ్ల గుర్తులున్నాయి. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి లాక్కుంటుంది, కుక్కకు అది కుదరదు. అవి కుక్కవే. అయినా వారం రోజులు మార్నింగ్ వాక్‌కు ఒక్కరూ రాలేదు.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. ఫంక్షన్లయ్యాక మిగిలిన బిర్యానీ గోడ మీంచి అవతలికి విసురుతున్నాం. దానికి కుక్కలు, పందులు చేరతాయి. కుక్కల కోసం చిరుత వస్తుంది. మూత ఉన్న డబ్బాలు పెడితే రెండు నెలలకే మూతలు మాయమయ్యాయి. ఈ పనిలో కార్యవర్గం విఫలమైంది, ఒప్పుకుంటున్నాం.

అందుకని వచ్చే నెల నుంచి హాలు బుక్ చేసుకునేవాళ్లు మిగిలిన తిండి తీసుకెళ్లే ఏర్పాటు చూపించాకే తాళం ఇస్తాం. అభ్యంతరాలుంటే సర్వసభ్య సమావేశంలో చెప్పండి. కుర్చీలు తక్కువున్నాయి, కాస్త ముందే రండి.

ఇట్లు,
కార్యదర్శి